తలాపు దీపం

పెద్దాయన పోయి ఏడాదైనా బండి దిగలేదట. ఆస్పత్రిలో ఊపిరి యంత్రం ఆపించారుగా, ఆ ప్రాణం ఎటూ పోలేక బండెక్కి కూర్చుందట. పక్కింటి దర్జీ భార్య అందరితో ఇదే చెబుతోందని ఎవరో కూతురి చెవిన వేశారు. పెరట్లో నిలబెట్టిన ఆ వ్యాన్‌లో మంచం, పొయ్యి, అలమర అన్నీ ఉన్నాయి. ఆలుమగలు ఊళ్లు తిరగడానికి ఆయన తన చేత్తో కట్టుకున్న చక్రాల ఇల్లు. లోపల ఎవరూ లేకపోయినా పరదా వెనక, మంచం తలాపున దీపం వెలుగుతూనే ఉంటుందట.

కూతురికి దయ్యాల మీద నమ్మకం లేదు. నాలుగు రోజులకోసారి బ్యాటరీ పడుకోవడం, తల్లి వంటింటి కిటికీలోంచి వైరు లాగి ఛార్జింగ్ పెట్టడం, అదే ఆమెకు మింగుడు పడలేదు. మెకానిక్‌ని పిలిచింది.

"ఊరికే నిలబడ్డా బండి కరెంటు తాగుతూనే ఉంటుందమ్మా. కటాఫ్ స్విచ్ పెడితే గొంతు పిసికినట్టే," అన్నాడతను.

తల్లి బండి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుంది. "ఏం పిసుకుతావో పిసుకు నాయనా, తలాపు దీపం జోలికి మాత్రం పోకు. అది ఆరిన రోజే ఆయన పోయినట్టు నాకు."

అతను సీటు కింద మూత తీసి, మైనస్ వైపు లావు తీగ విప్పి, మధ్యలో ఎర్ర పిడి స్విచ్ బిగించాడు. పిడి తిప్పాడు. ఫ్యాను ఆగింది. గడియారం అంకెలు మాయమయ్యాయి.

పరదా వెనక దీపం వెలుగుతూనే ఉంది.

మళ్లీ తిప్పాడు. మళ్లీ. మిట్టమధ్యాహ్నం అతని చేతి మీద రోమాలు లేచాయి. "ఇరవై ఏళ్లుగా ఇదే పని చేస్తున్నానమ్మా..." అని ఆగిపోయాడు.

కూతురు టార్చి పట్టుకుంది. దుమ్ము తుడిస్తే, బ్యాటరీ మొనల మొదట్లో రెండు సన్న తీగలు బయటపడ్డాయి. నేరుగా దీపానికే. కొత్త స్విచ్‌తో వాటికి ఏ చుట్టరికమూ లేదు. మూడు చుట్లు, చివర ఒక మడత: మూట కట్టినా, తీగ కట్టినా అది నాన్న ముడే.

"నాకు చీకటంటే భయం కదా," అంది తల్లి. "పొరపాటున కూడా ఆరకూడదని ఆయన దానికి మీట పెట్టలేదు."

మెకానిక్ ఊపిరి పీల్చుకున్నాడు. "ఇదా సంగతి! ఈ నల్ల తీగ స్విచ్ అవతలికి మారిస్తే సరి. మార్చమంటారా?"

"మార్చండి," అంది కూతురు. "ఎంతకాలమమ్మా ఇలా? ఎక్కడో ఒకచోట ఆపాలిగా."

తల్లి ఆమె మొహంలోకి చూసింది.

"ఆస్పత్రిలో ఆపమన్నదీ నువ్వే."