ఒక్క పాదమే చల్లగా

“ఆ బిరడా జారి లోపలికి పోతే ఏంట్రా శీనూ?”

విజయవాడ ఆసుపత్రిలో ఇంకా మంచం దిగకముందే పాపాయమ్మ కొడుకుని అడిగిన మాట అది. గుండె నాళాలు చూడటానికి డాక్టర్లు శీను కుడి గజ్జలోంచి సన్నని గొట్టం పంపారు. అయ్యాక ఇసుక మూట పెట్టి రోజంతా పడుకోబెట్టకుండా, కొత్తగా వచ్చిన పద్ధతని, నాళానికి పడిన చిల్లిని కరిగిపోయే బిరడాతో మూశారు. గుండెకేం లేదన్నారు. కాలు చల్లబడితే మాత్రం వెంటనే రమ్మని నర్సమ్మ చెప్పింది. అమ్మ భయాలకు బదులివ్వడం శీను ఎప్పుడో మానేశాడు.

ఆగమన్నా వినకుండా మర్నాడే గిలకలదిండి చేపల రేవులో, ఐసు పెట్టెల నుంచి కారే నీళ్లలో పనికి నిలబడ్డాడు. కాసేపటికి కాలు తిమ్మిరెక్కిందంటూ కూలబడ్డాడు. పాపాయమ్మ కుడి పాదం పట్టుకుని కెవ్వుమంది.

“చల్లబడిపోయిందిరో!”

“ఐసునీళ్లలో నిలబడ్డోడి కాలు చల్లగా ఉండక పెనంలా కాలుద్దా అత్తా?” అన్నాడు వ్యాను తోలే భూషణం. అందరూ నవ్వారు. రేవులో ఎవరి కాలైనా అంతే మరి.

నిజమేననిపించి చెయ్యి తీసేసింది. అయినా మనసొప్పలేదు. రెండు పాదాలూ కొంగుతో తుడిచి గట్టిగా రుద్దింది. ఎడమది వెచ్చబడింది. కుడిది సుద్దముక్కలా తెల్లగా అలాగే ఉంది.

“రెండు కాళ్లూ అదే ఐసులో ఉన్నాయి కదరా! ఇదొక్కటే ఏం పాపం చేసింది? బండి తియ్యరా భూషణం!”

భూషణం నవ్వు ఆగిపోయింది. రొయ్యలు దించకుండానే వ్యాను విజయవాడకు ఉరికింది. గూడూరు దాటేసరికి శీను పిక్క పట్టుకుని మూలుగుతున్నాడు. పామర్రు సెంటర్లో బస్సు అడ్డం వచ్చింది. పాపాయమ్మ కిటికీలోంచి సగం బయటికి వంగి, చేపల వేలంలో అరిచే గొంతుతో, “తప్పుకోండయ్యా! నా బిడ్డ కాలు పోద్ది!” అని అరిచింది. బస్సు రోడ్డు దిగింది.

“నువ్వుండగా నాకు హారన్ దండగత్తా!” అంటూ భూషణం వ్యాను దూకించాడు.

ఆసుపత్రిలో డాక్టరుగారు పాదం నాడి వెతికారు. అందలేదు.

“బిరడా జారి నెత్తుటిదారికి అడ్డుపడిందమ్మా. అరుదుగా జరుగుతుంది. ఇంకా ఆలస్యమైతే కాలు దక్కదు,” అంటూనే ఆపరేషన్ గదికి తోయించారు.

బయటికి తెచ్చాక శీను కళ్లు మూసుకునే ఉన్నాడు. పాపాయమ్మ ఆ పాదాన్ని రెండు చేతులతో పట్టుకుంది. వెచ్చనో చల్లనో ఆమెకేం తెలియలేదు.

“శీనూ, నా చెయ్యి తెలుస్తందా?”

అరికాలు మెల్లగా నొక్కింది.

“తెలుస్తందా అయ్యా?”

ఫ్యాను తిరుగుతోంది. భూషణం గుమ్మం దగ్గరే నిలబడిపోయాడు. ఆమె ఇంక అడగలేక, ఆ పాదాన్ని చెంపకి ఆనించుకుంది.

చాలాసేపటికి బొటనవేలు కదిలింది.

“తెలుస్తందే అమ్మా. నీ చేతులే ఐసులా ఉన్నాయి.”