కట్టమ్మ చేతి దారం

ఆపరేషన్ గది సిద్ధమయిందని చెప్పడానికి సారంగపాణి ఆడవాళ్ల వార్డుకు వచ్చేసరికి కట్టమ్మ మంచం ఖాళీగా ఉంది. పక్కమంచం ముసలమ్మ గుమ్మం వైపు చెయ్యి చూపించింది. "అత్తకోడండ్లు రిక్షా ఎక్కిండ్రు."

సారంగపాణిది బెజవాడ. వరంగల్‌కు డాక్టరీ చదవడానికి వచ్చి నాలుగేళ్లయింది. అది పందొమ్మిది వందల అరవై మూడు. కట్టమ్మ కడుపునొప్పితో మెలికలు తిరుగుతూ వచ్చిన మనిషి. పేగు ఎప్పుడు పగులుతుందో తెలియదు. పరుగున వెళ్లి సార్‌కు చెప్పాడు.

"నువ్వేమన్న అన్నవా?" అని అడిగాడు రాజేశ్వర్ రావు. ఆయన పెద్ద డాక్టరు, వీళ్లకు పాఠం చెప్పేదీ ఆయనే.

"ఏమీ అనలేదు సార్. చేతికి మాసిన పసుపు దారం ఉంటే ఆపరేషన్‌కని కత్తిరించాను."

"ఎందుకు కట్టుకుందో అడిగినవా?"

"అడగలేదు సార్."

"జల్ది పో. తోలుకరావాల్నని పోకు, అడగాల్నని పో."

కట్టమ్మ వాళ్లుండే కాశిబుగ్గ దాకా సైకిలు తొక్కుతున్నంతసేపూ ఒకటే ఆలోచన, దారిలోనే ఆమెకేమైనా అయితే? ప్రతి సందులోనూ మగ్గాల చప్పుడే. అడుగుతూ అడుగుతూ ఇల్లు పట్టుకున్నాడు. మగ్గం పక్కన చాప మీద కట్టమ్మ ముడుచుకుని పడుకుంది. అత్త సమ్మమ్మ ఒళ్లో చిన్న పిల్ల.

లే, రిక్షా పిలుస్తాను అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి గడప దగ్గర కూర్చున్నాడు.

"అడక్కుండా తెంపాను. తప్పే. ఆ దారం ఎందుకమ్మా?"

సమ్మమ్మే జవాబిచ్చింది. "ఇద్దరు పిల్లలు పురిట్లనే పోయిండ్రు సారు. ఇది పుట్టంగనె మొక్కి కట్టిన. తల్లి చేతికి అదున్నన్ని దినాలు పిల్లకేం గాదు."

"కోతకు నాకు బుగుల్లేదు," అంది కట్టమ్మ గోడవైపు తిరిగే ఉండి. "పిల్లకేమైతదోననే."

"బుగులంటే?"

"భయం సారు."

దారానికీ పిల్ల ప్రాణానికీ సంబంధం లేదని వాదించాలని అతని మనసు కొట్టుకుంది. కట్టమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నొప్పి బిగబట్టింది.

"ఇప్పుడేం చేస్తే నీ మనసు కుదుటపడుతుంది?"

ఆమె అత్తవైపు చూసింది. సమ్మమ్మ లేచి మగ్గం మీంచి ఇంత నూలు తెంపి, పసుపు రాసి, కళ్లు మూసుకుని మళ్లీ మొక్కి, పిల్ల చేతికే కట్టింది.

"ఇగ దారం పిల్ల చేతికే ఉంటది. పోదాం పా, బిడ్డా."

ఆస్పత్రిలో కోసి చూసేసరికి పేగు పగిలి ఉంది. కట్టమ్మను జ్వరం చాలా రోజులు వదల్లేదు. పని ఉన్నా లేకపోయినా సారంగపాణి ఆ మంచం చుట్టూనే తిరిగాడు. మెస్సులో అన్నం కెలికి లేచిపోయేవాడు.

ఆమె లేచి కూర్చున్న రోజు రాజేశ్వర్ రావు విద్యార్థులందరినీ అక్కడికే పిలిచి, జరిగింది చెప్పమన్నాడు. సారంగపాణి తడబడుతూనే అంతా చెప్పాడు.

"నేను గూడ చెప్పకుంట పోయిన గద సారు," అంది కట్టమ్మ.

"చెప్పబుద్దయ్యేటట్టు మేం అడగాలె గదమ్మా," అన్నాడాయన.

అందరూ నవ్వారు. సారంగపాణికి నవ్వు రాలేదు. ఆ పూటే కొత్తగా చేరిన రైతుకూలీ ఒకామె ఎదురు మంచం మీద నోరు విప్పకుండా పైకప్పు చూస్తోంది. అతను స్టూలు లాక్కుని పక్కన కూర్చున్నాడు. ఏమడగాలో తెలియలేదు. ముందు ఊరి పేరు అడిగాడు.