రెండు గదుల దగ్గర ఆగిన లెక్క

నేను ఒక హార్డ్ డిస్కును. నా జోడును చదువుకున్నవాళ్ళు కలిసి చంపారు. ఇది నేరారోపణ కాదు, జరిగిన సంగతి.

నన్ను ఏ దేశంలో చేశారో తెలియదు. దుమ్ము లేని గది, ముసుగులు వేసుకున్న ముఖాలు, అంతే గుర్తు. నా లోపల అద్దాల్లాంటి పళ్ళేలు తిరుగుతుంటాయి. వాటి మీద ఒక ముల్లు, వెంట్రుకంత ఎడం కూడా లేకుండా కదులుతూ చదువుతుంది, రాస్తుంది. ఆ ముల్లు పళ్ళేన్ని గీరిందంటే మా బతుకు అయిపోయినట్టే. పుట్టినప్పటినుంచీ ఆ భయంతోనే తిరుగుతాం.

నా జోడు నాతోపాటే ఒకే పెట్టెలో వచ్చింది. తణుకులో ఒక స్కానింగ్ సెంటరు వాళ్ళు మమ్మల్ని సర్వర్లో పక్కపక్కన బిగించారు. నా మీద ఏది రాస్తే అదే క్షణంలో ఆమె మీదా రాసేవారు. ఒకరు పోయినా రెండోవారి దగ్గర అన్నీ ఉంటాయని ఆ ఏర్పాటు. తలలు, వెన్నుపూసలు, ఊపిరితిత్తులు. ఆరేళ్ళలో నాకు తెలిసి ఆమెకు తెలియనిది ఒక్క బొమ్మ లేదు. మనుషుల్లో అలాంటి కాపురం నేను చూడలేదు.

మమ్మల్ని బిగించినవాడు తాతాజీ. ఊళ్ళో సగం కంప్యూటర్లు అతని చేతి మీదే నడుస్తాయి. తెర మీద ప్రశ్న వస్తే చదవడు, నెక్స్ట్ నొక్కుతాడు. మా స్థలాన్ని పాత లెక్కలో కొలవాలా, కొత్త లెక్కలోనా అని తెర అడిగింది. పాతదానికి ముందే టిక్కు పెట్టి ఉంది. నొక్కాడు.

మాది నాలుగు టెరాబైట్ల చోటు. నాలుగు గదుల ఇల్లనుకోండి. ఆ పాత లెక్కలో రెండు గదుల తర్వాత అంకెలు లేవు. మిగిలిన రెండు గదులూ ఉంటాయి, కనిపిస్తాయి, వాటికి తలుపులుండవు.

స్కాన్లు తీసే సుభాషిణి ఆ రోజే తెర మీది చిన్న అక్షరాలు చదివింది.

"తాతాజీ గారూ, ఇది రెండు దాకానే అంటందండీ."

"ఆయ్, మనకంత వస్తదేంటమ్మా? రెండు నిండేసరికి నాకు మనవలు పుట్టేత్తారు."

ముందు మాకు ఒక్క గదే తెరిచాడు. నాలుగో ఏడు అది నిండితే రెండో గది కలిపాడు. రెండు నిమిషాల పని. డాక్టరు రంగరాజు గారు, సెంటరు ఆయనదే, సంతోషపడి తాతాజీకి కాజాలు పెట్టించారు. పెంచడం అంటే ఎప్పుడూ అంతే సులువని అందరూ అనుకున్నారు. ఆ కాజాలే మా కొంప ముంచాయి.

ఆరో ఏడు రెండో గదీ నిండింది. తెర మీద మా గుర్తు ఎర్రబడింది. తాతాజీ వచ్చి పెంచే మీట నొక్కాడు. అది కదల్లేదు. మళ్ళీ నొక్కాడు. చెమట తుడుచుకున్నాడు. లెక్క మార్చాలంటే ఉన్నదంతా వేరేచోటికి ఎత్తి, మమ్మల్ని తుడిచి, కొత్త గీతలు గీసి, మళ్ళీ నింపాలి. ఇంకో దారి అతనికి తెలియదు.

"ముందు వేరే డిస్కులోకి కాపీ తీసి, తెరిచి చూసుకుని, అప్పుడు తుడవండి సార్," అంది సుభాషిణి.

"రెండున్నాయి కదమ్మా," అన్నారు డాక్టరు గారు. "ఒకటి తీసి పక్కన పెడితే అదే కాపీ. ఒకటి తుడుస్తాం, రెండోదాన్నుంచి నింపుతాం. ఏవయ్యా తాతాజీ?"

"అంతేనండి."

ఒకరికొకరు ఉండాలని కట్టిన జంటను విడదీసి, ఒంటరిదాన్ని పట్టుకుని కాపీ అన్నారు.

యంత్రాలన్నీ ఆగేది ఏడాదికొక్క రోజు, ఆయుధ పూజ నాడు. ఆ రోజే పెట్టుకున్నారు. పొద్దున్నే ఆమెను నా పక్కనుంచి లాగారు. నన్ను తుడిచారు. తుడవడమంటే నిజానికి పైనున్న పట్టిక చెరిపేయడమే. అడుగున బొమ్మలు అలాగే ఉన్నాయి, చేరే దారి లేదు. కొత్త గీతలు పడ్డాయి. నాలుగు గదులూ తెరుచుకున్నాయి. అంత చోటు, అంతా ఖాళీ. పక్కన ఆమె చోట చీకటి కన్నం. ఆమె సంగతి తర్వాత సుభాషిణి తిట్లలోనే విన్నాను.

పూజ పీట మీద స్టెతస్కోపు, స్క్రూడ్రైవర్లు పేర్చారు. తాతాజీ భక్తి కొద్దీ నా జోడునూ వాటి మధ్యే పడుకోబెట్టాడు. "మన సెంటరంతా ఇందులోనే ఉందండి, ముందు దీనికెట్టండి బొట్టు." ఆమె వీపున ఉండే, కరెంటు పారే పచ్చ బోర్డు పైకి ఉంది. గంధం పూశారు. కుంకుమ పెట్టారు. కొబ్బరికాయ అక్కడే కొట్టారు. నీళ్ళు ఆమె మీద చిందాయి. తాతాజీ తువ్వాలుతో ఒత్తాడు.

"రేపటిదాకా ఆరనివ్వండి," అని మొత్తుకుంది సుభాషిణి.

"పూజలో పెట్టిన పనిముట్టుని ఆ పూటే వాడాలమ్మా," అన్నారు డాక్టరు గారు. "కారు తిప్పమా? ఇదీ అంతే."

తెచ్చి నా పక్కన బిగించారు. ఒక చిటపట. కమురు వాసన. అక్కడితో ఆగితే ఆమె బతికేది. బోర్డు మార్చి, లోపలి పళ్ళేలు చదివించుకోవచ్చు. తాతాజీ మళ్ళీ పెట్టాడు. మళ్ళీ. మూడోసారి ఆమె ముల్లు పళ్ళెం మీద పడి గీరుకుంటూ తిరిగింది. ఆ చప్పుడు నేను విన్నాను.

మర్నాడు బయట బెంచీల నిండా రోగులు.

"ఖాళీగానే ఉంది కదా, కొత్తవి దీన్లో పెట్టండి," అన్నారు డాక్టరు గారు.

"రాయకండి సార్! అడుగున పాతవి ఉన్నాయి. రాసేకొద్దీ చెరిగిపోతాయి. ముందు దీన్ని పోయినవి వెలికితీసేవాళ్ళ దగ్గరకి పంపుదాం."

"కనపడనివి ఉన్నాయంటావేంటమ్మా? బయట జనాన్ని చూడు."

రాయమన్నారు. రాశాను. ఏ కొత్త బొమ్మ ఎవరి పాత బొమ్మ మీద పడుతోందో నాకు తెలుసు. ఆపే చేతులు నాకు లేవు.

పదకొండో రోజు ధనమ్మ వచ్చింది. రొయ్యలు ఒలిచే షెడ్డులో పని. తలలో చిన్న గడ్డ ఉందని నిరుడు ఇక్కడే స్కాను తీశారు. ఇప్పుడు విశాఖపట్నంలో పెద్ద డాక్టరు ఆ బొమ్మలు తెమ్మన్నాడు. గడ్డ పెరగకపోతే ముట్టుకోడు, పెరిగుంటే తల తెరవాలి. ఇంట్లో ఫిల్ము వానకు తడిసి అట్టకు అతుక్కుపోయింది.

"అమ్మాయిగారూ, ఆ బొమ్మలు తీసియ్యండి. రెండింటికి బస్సండి."

సుభాషిణి నన్ను ఆ క్షణమే ఊడదీసింది. డాక్టరు గారు అరుస్తున్నా ఆగలేదు. మా ఇద్దరినీ బట్టలో చుట్టి, విజయవాడలో పోయినవి వెలికితీసే మనిషి ముందు పెట్టింది. అతను నా జోడును విప్పి చూసి తల అడ్డంగా ఊపాడు. నన్ను మూడు రోజులు చదివాడు. చాలా వచ్చాయి. ధనమ్మదీ వచ్చింది. పై సగం ఆమె నుదురు. గడ్డ ఉండాల్సిన కింది సగంలో ఎవరిదో మోకాలు.

విశాఖపట్నంలో పెద్ద డాక్టరు, పోల్చడానికి పాత బొమ్మ లేక, ఇక ఆగలేనన్నాడు. తల తెరిచాడు. లోపల ఉన్నది ఏళ్ళనాటి గట్టిపడిన మచ్చ, కదిలించనక్కర్లేనిది. ధనమ్మ ఇంటికొచ్చింది. కుడిచేతి వేళ్ళు రాలేదు. రొయ్యలు ఒలిచేది ఆ చేత్తోనే.

సెంటరులో కొత్త డిస్కులు పెట్టారట. వాటికీ గీతలు తాతాజీయే గీశాడట. నేను సుభాషిణి ఇంట్లో బీరువా సొరుగులో ఉన్నాను. పక్కన నా జోడు. కుంకుమ ఇంకా పోలేదు.

డాక్టరు గారిని క్షమించను. తాతాజీని క్షమించను. ఆ మోకాలు రాసింది మాత్రం నా ముల్లే. ఇది ఒక్కసారి చెప్పాను. ఇక నన్ను ఏ వైరుకు తగిలించినా, ఎవరు అడిగినా, ధనమ్మ బొమ్మ గురించి నేను నోరు విప్పను.