మధ్యలో మనిషి

కోర్టు మొదలై గంట తిరక్కుండానే దుబాసీ ఒక జేబుదొంగా, ఒక అద్దె ఇంటి యజమానీ, ఒక తాగుబోతూ అయిపోయాడు. బోనులో మనిషి ఏమన్నా దాన్ని "నేను" అనే చెప్పాలి, అది పద్ధతి. "నేనే కొట్టాను" అని అతను గొంతెత్తకుండా పాతదొరల భాషలో చెబుతాడు. టైపిస్టు అది టైపు కొడుతుంది.

దొరలు ఓడెక్కి వెళ్ళిపోయి రెండు తరాలైంది. జడ్జి ఈ ఊరివాడే, వకీళ్ళూ ఈ ఊరివాళ్ళే. అయినా దొరల భాషలోకి మారని మాట రికార్డుకెక్కదు. చింత చచ్చినా పులుపు చావలేదంటే ఇదే.

దుబాసీది నెరిసిన మీసం, మెడ దగ్గర అరిగి మెరిసే నల్లకోటు. ఊరందరి మాటా మాట్లాడొచ్చి ఇంట్లో మాత్రం మూగనోము పడతాడని భార్య ఎత్తిపొడుస్తుంది. నిజమే. కోపమొచ్చినా ప్రేమ కలిగినా అతనికి సొంతమాట దొరకదు. అందుకు లోలోపల సిగ్గుపడతాడు.

ఇప్పుడు కూరగాయలమ్మే ముసలామె బోనెక్కింది. రేవులో మూటలు మోసే ఆమె కొడుకు కొట్లాట కేసులో జైల్లో ఉన్నాడు. ఆమె సాక్ష్యం నిలిస్తే ఇవాళే ఇంటికొస్తాడు. ఆమె దుబాసీని వదిలేసి నేరుగా జడ్జితోనే మొదలుపెట్టింది. పని నుంచి వచ్చాక చెయ్యెత్తి అన్నం తినడానికే బద్ధకించేవాడు ఇంకొకణ్ణేం కొడతాడంది. జడ్జి నవ్వు బిగబట్టాడు. దుబాసీ ఆ మాట దొరల భాషలోకి మార్చి చెప్పాక అప్పుడు నవ్వాడు.

ముసలామె అది కనిపెట్టింది.

"ఆయనకి మన మాట వచ్చుగా బాబూ. మరి మధ్యలో నువ్వెందుకు? వెళ్ళిపోయినవాళ్ళకి వినిపించడానికా?"

అదీ బోనులో మాటే కనక దుబాసీ అదీ చెప్పాడు. తన నోటితో తననే అడిగినట్టయింది. జడ్జి కళ్ళద్దాలు తుడుచుకుంటూ, అది రాయక్కర్లేదన్నాడు.

తర్వాత ఆమె అసలు సంగతి చెప్పింది. కొట్లాట జరిగిన సాయంత్రం తను జ్వరంతో ఆస్పత్రిలో ఉంటే కొడుకు మంచం పక్కనుంచి కదల్లేదు; కావాలంటే నర్సుని అడగమంది. హాల్లో అందరూ విన్నారు. దుబాసీ నోరు విప్పబోయేసరికి దగ్గు తెర కమ్మింది, ఊపిరాడలేదు. జడ్జి జాలిపడి, మిగతాది భోజనాలయ్యాక అన్నాడు.

హాలు ఖాళీ అయింది. దుబాసీ కుర్చీలోనే కూలబడ్డాడు. ముసలామె ఎక్కడికీ పోలేదు.

"మీ అబ్బాయి వస్తాడమ్మా. నేను చెప్తాను," అన్నాడు. ఆ కోర్టులో అతను తన కోసం వాడుకున్న మొదటి "నేను" అది.

బల్లమీద తల వాల్చాడు. అందరూ తిరిగొచ్చినా ఎత్తలేదు.

అతన్ని మోసుకుపోయాక జడ్జి మెట్లు దిగి ముసలామె దగ్గరికొచ్చాడు. "పోయాడు పెద్దమ్మా," అన్నాడు. ఇద్దరూ ఏడ్చారు.

"నేను చెప్పింది విన్నావుగా నాయనా?"

"విన్నాను."

మళ్ళీ పైకెక్కి కూర్చుని, ఆయన దొరల భాషలో ఉత్తర్వు చెప్పాడు. దుబాసీ లేనందున సాక్ష్యం నమోదు కాలేదు. ఇంకొకరు నియమితులయ్యేదాకా వాయిదా. ముద్దాయి జైల్లోనే ఉంటాడు.

"ఏమన్నాడు?" అని అడిగింది ముసలామె.

అలవాటుకొద్దీ అందరూ దుబాసీ కుర్చీవైపు చూశారు. దాని కింద, ఆయాసానికి విప్పి పెట్టుకున్న నల్లబూట్లు పక్కపక్కనే ఉన్నాయి, బోనువైపు తిరిగి.