ఇరవయ్యేడో నంబరు కావడి

ఇరవయ్యారో జవాబు పత్రం మీద ఎర్రసిరాతో సున్నా చుట్టి, కనకరాజు మాస్టరు దాన్ని పక్కనున్న బొత్తిలోకి విసిరినంత పని చేశాడు. బల్ల నిన్ననే ఎడ్లబండి మీద వెళ్లిపోయింది. అందుకని ట్రంకు పెట్టెనే బల్ల చేసుకుని, చాప మీద బాసిపట్లు వేసుకుని దిద్దుతున్నాడు. సిరాబుడ్డి ఎక్కడ ఒరిగిపోతుందోనని ఎడమచేతి చిటికెన వేలు దానికి ఆనించి ఉంచాడు.

"గా పెట్టె మీదికెల్లి లేస్తవా లేవ్వా? తాళం వేసేదున్నది," అంది ఆయన భార్య సారక్క, పరుపు చుట్టను మోకాలితో అదిమి తాడు బిగిస్తూ.

"ఇంక పదిహేడు కాయితాలున్నయి. ఆగు."

"నీ కాయితాలు ఒడిసేటాల్లకు రైలు బల్లార్ష దాటుతది."

ఆమె మాటకు ఆయన నవ్వేవాడే. కానీ ఆ ఐదో ప్రశ్న ఆయన నవ్వును ఎప్పుడో మింగేసింది.

ప్రశ్న పెద్దదేమీ కాదు. రెండు మీటర్ల వెదురు కావడికి ఒక చివర పన్నెండు కిలోలు, మరో చివర ఎనిమిది కిలోలు వేలాడుతున్నాయి. కావడి ఒరగకుండా నిలవాలంటే భుజం ఎక్కడ ఆనించాలి? భుజం మీద ఎంత బరువు పడుతుంది? వెదురు బరువు లెక్కలోకి తీసుకోనక్కర లేదు. బరువైన వైపు నుంచి ఎనభై సెంటీమీటర్ల దగ్గర భుజం పెడితే చాలు, అటు పన్నెండును ఎనభైతో, ఇటు ఎనిమిదిని నూట ఇరవైతో గుణిస్తే రెండూ సమానం. భుజం మీద ఇరవై కిలోలు. ఏడాదంతా నల్లబల్ల మీద ఇదే లెక్క చేశాడు. దూలం పెట్టి చేశాడు, త్రాసు పెట్టి చేశాడు.

అయినా ఒకడు తలపాగా, మీసాలతో సహా మనిషి బొమ్మ అందంగా గీసి, ఒక్క బలం కూడా చూపించకుండా వదిలేశాడు. ఒకడు కిలోలను సేర్లలోకి మార్చబోయి దారి తప్పాడు. పదకొండో నంబరు వాడు లెక్క నిండా చేసి, భుజాన్ని బరువైన చివర నుంచి మూడు మీటర్ల దూరంలో పెట్టాడు. రెండు మీటర్ల వెదురుకు! అది చూసి కనకరాజు కలం కింద పెట్టి, కళ్లజోడు తీసి, రెండు నిమిషాలు గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు.

ఇరవయ్యేడో పత్రం తెరిచాడు. భుజం సరిగ్గా నడుమ పెట్టి ఉంది. తేలిక వైపు, నడుమ నుంచి అరమీటరు దూరంలో ఒక చెయ్యి వెదురును కిందికి లాగుతోంది. చెయ్యి ఎనిమిది కిలోలు లాగుతుందట, భుజం మీద ఇరవై ఎనిమిదట.

"చెయ్యెక్కడిదిరా నీకు!" అని పైకే అన్నాడు.

"నన్నేనా?" అంది సారక్క.

కనకరాజు ఆ జవాబుకూ సున్నా చుట్టాడు. పక్కనే 'ప్రశ్న సరిగా చదువు' అని రాశాడు. మొత్తం కూడితే ముప్పై ఒకటి వచ్చాయి. ముప్పై అయిదు వస్తేగానీ తొమ్మిదో తరగతి దాటడు. ఇరవయ్యేడో నంబరంటే లక్కడ్‌కోట్ పల్లె వెంకటి. వయసు పందొమ్మిది దాటింది. ఇప్పటికి రెండుసార్లు తప్పాడు. మూడోసారీ తప్పితే బడి పట్టీలోంచి పేరు కొట్టేస్తారు, మళ్లీ చేర్చుకోరు. కనకరాజు ఒక క్షణం ఆగాడు. ఆగి, విసుగ్గా మరో పత్రం అందుకున్నాడు.

వెంకటి చదువు అలా నడవడానికి కారణం వెంకటి ఒక్కడే కాదు. రాజురా తాలూకా నిజాం రాజ్యంలో ఉన్నప్పుడు వాడు ఉర్దూలో అక్షరాలు దిద్దాడు. తర్వాత తెలుగన్నారు. రాష్ట్రాలు విడదీసి కలిపినప్పుడు తాలూకాను ముందు నాందేడు కింద, తర్వాత చాందా జిల్లా కింద వేశారు. అప్పటికి చంద్రపూర్ అందరి నోటా చాందానే. దాంతో చదువు మరాఠీలోకి మారింది. కనకరాజుదీ అదే కథ. ఇరవై రెండేళ్ల కొలువులో ఆయన కుర్చీ పట్టుమని ఇరవై మైళ్లు జరగలేదు, కానీ జీతం చిట్టా మీది రాజముద్ర మాత్రం మూడుసార్లు మారింది. ఉర్దూలో 'తవాజున్' అని నేర్చుకున్న సమతూకం పాఠాన్ని మరాఠీలో 'సమతోల్' అని చెప్పాడు. మరాఠీ పరీక్ష రెండుసార్లు రాసి రెండుసార్లూ తప్పాడు. చివరికి ఆంధ్రాకు పోతానని కాగితం పెట్టుకున్నాడు. పద్నాలుగు నెలలకు జవాబొచ్చింది. ఇవాళ సాయంత్రం అయిదింటికి ఇక్కడి నుంచి విడుదల. మరో పది రోజుల్లో మే ఒకటి, ఆ రోజున ఈ బొంబాయి రాష్ట్రం కూడా పేరు మార్చుకుంటుందట. మార్చుకోనీ.

పదకొండు గంటలకు పత్రాల కట్ట చంకలో పెట్టుకుని, చాందా కోట జట్‌పురా దర్వాజా కింది చల్లటి నీడలో ఓసారి ఆగి చెమట తుడుచుకుని, బడికి చేరాడు. కోటగోడ రాళ్లు అప్పటికే పెనంలా కాలుతున్నాయి. ప్రయోగశాల అంటే ఒక కిటికీ ఉన్న సామాన్ల గది. రెండు గాజు కుప్పెలు, అరిగిన మీటరు బద్ద, పౌండ్ల అంకెలున్న స్ప్రింగు త్రాసు, దానికి పొసగని కొత్త కిలో రాళ్ల పెట్టె. వాటిని సరిచూసి అప్పజెప్పాలి.

అప్పుడే బంట్రోతు ఇస్తారి నీళ్ల కావడితో లోపలికి వచ్చాడు. రెండు వైపులా కిరసనాయిలు డబ్బాలు. వెనకది నిండుగా ఉంది. ముందుదానికి చిల్లుండటంతో దారి పొడుగునా కారి, మూడొంతులకు దిగింది. వెదురు మాత్రం నడుమనే భుజం మీద ఉంది. ఇస్తారి ఎడమచెయ్యి ముందువైపు వెదురు మీద పడి, దాన్ని కిందికి అదిమి పట్టుకుని ఉంది.

కనకరాజు చేతిలోని మీటరు బద్ద కింద పడింది.

"ఇస్తారీ, ఆగు. కదలకు."

"ఏంది సారు, తేలు గిట్ల ఉన్నదా?"

"గా చెయ్యి ఎందుకు పెట్టినవ్?"

ఇస్తారి తన చెయ్యి తనకే కొత్తగా కనబడినట్టు చూసుకున్నాడు. "చెయ్యి పెట్టకుంటే కావడెట్ల నడుస్తది సారు? ముంగటి డబ్బా కారుతుంటది. కారినకొద్దీ గింత గట్టిగ వత్తుత. అడుగడుక్కు దించి భుజం మారుస్తమా?"

కనకరాజు తలుపు మూశాడు. కొత్త రాళ్లతో తూచి, ఒక డబ్బాను పన్నెండు కిలోలకు, చిల్లు మైనంతో పూడ్చి రెండోదాన్ని ఎనిమిదికి తెచ్చాడు. దూలానికి తాడు కట్టి వెదురును నడుమ వేలాడదీశాడు. బరువైన వైపు నేలకు ఒరిగింది. తేలిక వైపు, నడుమకు అరమీటరు దూరంలో స్ప్రింగు త్రాసు తగిలించి, దాని కింది కొక్కేన్ని తాడుతో కిందికి లాగి, నేలలోని ఇనప కడియానికి బిగించాడు. వెదురు లేచి సమంగా నిలిచింది. ముల్లు పదిహేడుకూ పద్దెనిమిదికీ మధ్య ఆగింది. పౌండ్లు! వేళ్ల మీద లెక్క కట్టాడు. ఎనిమిది కిలోలు.

ఉదయం నుంచి పేరుకున్న విసుగంతా ఇప్పుడు తన మీదికే తిరిగింది. పల్లెలో పుట్టి, పాతికేళ్లు కావళ్లు చూసి, చెయ్యెక్కడిదిరా అని అడిగాడు తను.

"అహో మాస్తర్, ఏం తమాషా ఇది?"

తలుపు తోసుకుని హెడ్మాస్టరు బాపురావు వచ్చాడు. సిరొంచలో పదేళ్లు పనిచేశాడు కాబట్టి తెలుగు ధారాళంగా మాట్లాడతాడు. ఐదో ప్రశ్న ఆయన రాసిందే. దాని నమూనా జవాబూ ఆయనదే. కనకరాజు ఇరవయ్యేడో పత్రం చూపించాడు.

"ప్రశ్నల చెయ్యి లేదు కదా," అన్నాడు బాపురావు.

"లేదని గూడ రాయలె కదా మీరు. భుజం పెట్టి నిలపమన్నరు. పిలగాడు నిలిపిండు. లెక్కల ఒక్క తప్పు చూపియ్యుండ్రి."

"జవాబు ఎనభై సెంటీమీటర్లు, బస్! నా జవాబు సరిగ్గ ఉన్నది."

"మీది నిలబడ్డోని జవాబు. పిలగానిది నడిచేటోని జవాబు. రెండూ సరిగ్గనే ఉన్నయి."

"ఎనభై దగ్గర పెట్టుకుని, చెయ్యి లేకుండ నేను నడుస్త. చూడు!"

ఇస్తారి నోటికి తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు. బాపురావు కోటు విప్పి, వెదురు దింపించి, సరిగ్గా ఎనభై దగ్గర భుజానికెత్తుకున్నాడు. కావడి సమంగా నిలిచింది. విజయంతో మీసం దువ్వుకుని ఒక అడుగు వేశాడు. రెండో అడుగుకు డబ్బాలు ఊగాయి. మూడో అడుగుకు ముందుది లేచి వెనకది దిగింది, నాలుగో అడుగు వేసే లోపలే హెడ్మాస్టరు గారి ధోవతి మోకాళ్ల నుంచి కింద దాకా తడిసింది.

ఎవరూ నవ్వలేదు. ఇస్తారి మాత్రం తువ్వాల కిందికి దించలేదు.

"తడిసినంత మాత్రాన నమూనా జవాబు మారదు," అన్నాడు బాపురావు కోటు తొడుక్కుంటూ. "నువ్వు మార్కులేస్తే ఇన్‌స్పెక్టర్‌కు జవాబు నువ్వే చెప్పాలె. నేను చెప్ప."

"సరే. నేనే చెప్త."

"రేపు నువ్వు ఉండవు కదా మాస్తర్!"

"ఆసిఫాబాద్‌ల ఉంట. గక్కడికి కాయితం రాయమనుండ్రి. నా సంతకం మీద మార్కు మార్చాలంటే మల్ల నా సంతకమే కావాలె. గది మీ రూలే."

బాపురావు ఆ వెదురును ఓసారి చూశాడు. తర్వాత ధోవతి పిండుకుంటూ వెళ్లిపోయాడు.

కనకరాజు సున్నాను అడ్డంగా కొట్టేసి, ఆ ప్రశ్నకున్న ఎనిమిది మార్కులూ వేశాడు. తను రాసిన 'ప్రశ్న సరిగా చదువు' అన్న మాటను కూడా కొట్టేసి, కింద పొడి అక్షరాలతో సంతకం చేశాడు. మొత్తం ముప్పై తొమ్మిది. ఆ అంకెను చూస్తుంటే, పొద్దున్నుంచి మొదటిసారి, పెదవి ఒక పక్కకు కదిలింది. ఆ తర్వాత మిగతా నలభై రెండు పత్రాలూ మళ్లీ మొదటి నుంచి తిరగేశాడు, ఇంకెవరి చెయ్యినైనా తను చూడలేదేమోనని. మరెక్కడా చెయ్యి లేదు. పదకొండో నంబరు భుజం ఇంకా గాల్లోనే ఉంది.

ఇస్తారి చేత డబ్బాలు మళ్లీ అదే తూకానికి నింపించి, కావడిని ముందులాగే దూలానికి కట్టి, నాలుగింటికి మార్కుల పట్టీ కచేరీలో ఇచ్చాడు. అక్కడి గుమాస్తా దాన్ని చూడకుండానే కట్టలో పెట్టాడు. అయిదింటికి విడుదల కాగితం మీద సంతకమైంది. పూలదండలు లేవు, ఉపన్యాసాలు లేవు. సెలవులకు బడి ఖాళీ అయింది. వెంకటి పల్లెకు వెళ్లి నాలుగు రోజులైంది. ఇవాళ ఏం జరిగిందో వాడికి చెప్పేవాళ్లెవరూ లేరు.

ఇస్తారి గేటు దాకా వచ్చాడు.

"సారు, నా కావడి దింపుకోనా? రేపు నీళ్లకు గావాలె."

"బడి తెరిచేదాక ఉంచు. నీకు మా పక్కింటి లక్ష్మీబాయి ఇంట్లకెల్లి ఇంకో వెదురు, రెండు డబ్బాలు ఇప్పిచ్చిన. కొత్తగ అచ్చే సైన్సు సారు ఎవలైతే ఏంది, ముందు గిది సూడనియ్యి."

టాంగాలో సారక్క ట్రంకు మీదే కూర్చుని ఉంది. తాళం పడిందన్న సంబరం ఆమె ముఖం నిండా ఉంది. కనకరాజు ఎక్కి పక్కన కూర్చోగానే బండి వెనక్కి ఒరిగి, గుర్రం మెడపట్టీ పైకి లేచింది. టాంగావాలా వెనక్కి తిరిగి, "ముందుకు జరుగుండ్రి సాబ్," అన్నాడు. ఆయన ముందుకు జరిగాడు. బండి సమంగా నిలిచి, స్టేషను వైపు కదిలింది.

సామాన్ల గదిలో ఇస్తారి మళ్లీ నింపి పెట్టిన డబ్బాలతో వెదురు దూలానికి వేలాడుతోంది. తేలిక వైపు, చెయ్యి ఉండవలసిన చోట, స్ప్రింగు త్రాసు ముల్లు పదిహేడుకూ పద్దెనిమిదికీ మధ్య కదలకుండా నిలిచి ఉంది.