మందు లేని తూటా

పెద్ద తుపాకీ మోసేవాడికి ఎవరూ ఎదురు చెప్పరు. వచ్చిన చిక్కంతా అదే.

మా కౌన్సిల్ ఆఫీసు బీరువాలో రెండు తుపాకులున్నాయి. ఒకటి 458, ఇంకొకటి 375. ఆ అంకెలు గుండు ఎంత లావో చెప్తాయి. 458 భుజాన్ని గాడిద తన్నినట్టు తంతుంది. 375 కూడా తంతుంది కానీ మనిషి ఓర్చుకోగలడు. ఏనుగుకీ, నీటిగుర్రానికీ, అడవిదున్నకీ 375 కంటే చిన్నది ఎత్తకూడదని మా దగ్గర చట్టం. అంతకు పైన ఎంత పెద్దది మోస్తావన్నది నీ భుజం, నీ ఇష్టం. సఫారీ క్యాంపుల్లో వేటగాళ్లు మంట చుట్టూ చేరి దీని మీద గొంతులు పోయేలా వాదించుకుంటారు. చిన్నది చంపుతుంది, పెద్దది ఆపుతుంది అని వాళ్ల మాట. మీదకొచ్చే దున్న చచ్చేలోపు మనల్ని చంపేస్తుంది కాబట్టి, దాన్ని ఉన్నచోట ఆపడమే ముఖ్యమని దానర్థం. నేనూ అదే నమ్మి బతుకంతా పెద్దదే మోశాను. పొలాల మీద పడే ఏనుగుల్నీ, దెబ్బ తిని పొగరెక్కిన దున్నల్నీ చూసుకోవడం నా ఉద్యోగం. ఆంగ్వా నది పొడుగునా ఏ ఊరికెళ్లినా జనం ముందు నా తుపాకీని చూస్తారు, తర్వాత నన్ను చూసి మెల్లగా చేతులు తట్టి దండం పెడతారు.

నన్ను లెక్కచేయనివాడు ఒక్కడే, జైరోస్. అడవిలో జంతువుల జాడ తీసేవాడు, పైగా నా సహ్విర. సహ్విర అంటే ఉత్త స్నేహితుడు కాదు. తాతల నాటి నుంచి రెండిళ్ల మధ్య నడిచే వరస అది. నలుగురిలో నన్ను ఎంత మాటైనా అనే హక్కు వాడికుంది. నేను కోప్పడితే తప్పు నాదే. నేను చస్తే నా చొక్కా తొడుక్కుని, నాలా నడిచి, నాలా తిట్టి, ఏడ్చేవాళ్లని నవ్వించాల్సిందీ వాడే. మాది ఏనుగు వంశం గనక అందరూ నన్ను గౌరవంగా సమన్యంగా అంటారు, దంతాలున్న దొరా అని. జైరోస్ మాత్రం సరిగ్గా ఊరి పెద్ద ముందు నిలబెట్టి, "దంతాలు సరేలేరా, నోట్లో పళ్లేవీ?" అనేవాడు.

ఏటా వేట పని మొదలయ్యే ముందు ఒక చెదపుట్టకి కాగితం అతికించి తుపాకీ సరిచూసుకుంటాం. తూటాలు నింపేది జైరోస్. వాటి మధ్య, నాకు తెలియకుండా, మందు లేని తూటా ఒకటి దూర్చేవాడు. పైకి చూస్తే అన్నిట్లాగే ఉంటుంది. గురిపెట్టి నొక్కితే టక్కుమంటుంది, అంతే. పేలలేదు కాబట్టి తుపాకీ కదలకూడదు. కదిలిందంటే, అది తంతుందన్న భయంతో నేనే ముందుగా ఉలిక్కిపడ్డానన్నమాట. పెద్ద తుపాకీ మోసేవాళ్లకి ఈ రోగం చాప కింద నీరులా వస్తుంది. కళ్లు మూసుకుపోతాయి, భుజం ముందుకి తోస్తుంది, గుండు ఎటో పోతుంది. నిజంగా పేలినప్పుడు ఆ చప్పుడులో ఇదేమీ బయటపడదు. వయసులో ఉన్నప్పుడు ఒకసారి జైరోస్‌కి అలా దొరికిపోయాను. "అయ్యో, పెళ్లికూతురు ఉలిక్కిపడిందిరోయ్!" అని ఊరంతా చాటింపేశాడు వెధవ. సిగ్గుతో చచ్చి, మళ్లీ మళ్లీ కాల్చి ఆ రోగం వదిలించుకున్నాను. ఈ మధ్య కొన్నేళ్లుగా వాడు ఆ తూటా పెట్టడమే మానేశాడు. నాకిక పరీక్షలు అక్కర్లేదనుకున్నాడని మురిసిపోయాను.

పోయిన వానల్లో జైరోస్ జ్వరంతో పోయాడు. దున్న పొడవలేదు, మొసలి లాగలేదు. మంచం మీద పడుకుని పోయాడు. నా వంతు నేను చేశాను. వాడి టోపీ పెట్టుకుని, వాడి రబ్బరు బూట్లు తొడుక్కుని, నేల మీదకి వంగి పేడ వాసన చూసి, "ఇది నిన్న సాయంత్రం పెళ్లాంతో పోట్లాడొచ్చిన దున్నరోయ్" అని వాడి గొంతుతో అన్నాను. శవం పక్కన కూర్చున్న వాళ్లావిడ కూడా నవ్వింది. ఇంటికొచ్చి ఆ బూట్లు విప్పుతుంటే అప్పుడు తగిలింది నాకు. నా చావుకి నవ్వించాల్సినవాడు నాకంటే ముందే పోయాడు.

ఆ తర్వాత నన్ను పల్లెత్తు మాట అన్నవాడు లేడు. పెళ్లాం ఎప్పుడో పోయింది, పిల్లల్లేరు. పొద్దు వాలితే నా ఒక్కడికే మొక్కజొన్న పిండితో సద్జా కెలుక్కుని, ఎండుచేపలు వేయించుకుని తింటాను. మాడితే మాడింది, అడిగేవాడెవడు? ఊళ్లో నేనో హాస్యమాడితే జనం తలొంచుకుని, చేతులు తట్టి, పక్కకి తప్పుకుంటారు. ఈ గౌరవం తగలెయ్యా, మనిషిని గదిలో పెట్టి తాళం వేసినట్టే ఉంటుంది.

జైరోస్ చోట్లో కౌన్సిల్ వాళ్లు అతని కూతురు నెత్సాయిని వేశారు. ముప్ఫై దాటిన మనిషి, తండ్రి కళ్లే వచ్చాయి, బండ మీద కూడా జాడ తీస్తుంది. కానీ నోరు విప్పదు. "అలాగే సమన్యంగా. సరే సమన్యంగా." అంతే. మా ఆచారం ప్రకారం తండ్రి తర్వాత ఆ వరస ఆమెకే రావాలి. అయితే అడిగి తెచ్చుకునే వరస కాదది. నన్ను నాలుగు తిట్టమ్మా అని ఎవడైనా అడుగుతాడా?

ఒక పొద్దున ఆఫీసరు రేడియోలో పిలిచాడు.

"సమన్యంగా, కాలికి ఉచ్చు తీగ బిగిసిన దున్న ఒకటి రేవు దగ్గర ఒకాయన్ని పొడిచిందండీ. ఆస్పత్రికి పంపాం. ఆడవాళ్లు నీళ్లకి వెళ్లాలంటే హడలిపోతున్నారు. రేపు పొద్దున్నే చూడాలి."

"చూస్తాం."

"పెద్దదే తీసుకెళ్తారుగా?"

"మరి చీపురు పట్టుకెళ్తానా?"

"క్షమించండి సమన్యంగా," అన్నాడు పాపం. జైరోస్ అయితే, చీపురైతే కనీసం ఇల్లయినా ఊడుస్తావు అనేవాడు.

ఈ ఏడు దెబ్బతిన్న దున్న వెంట పడటం ఇదే మొదలు. మధ్యాహ్నం రెండు తుపాకులూ జీపులో వేసుకుని నేనూ నెత్సాయీ చెదపుట్ట దగ్గరికెళ్లి కాగితం అతికించాం. పెద్దది ఎత్తి కాల్చాను. కాగితం కింది అంచున తగిలింది. మళ్లీ కాల్చాను. ఈసారి కాగితానికే తగల్లేదు.

"గాలి," అన్నాను.

చుట్టూ మోపానే చెట్ల మీద ఒక్క ఆకు కదిలితే ఒట్టు. ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది నా వరస.

"అవును సమన్యంగా," అంది నెత్సాయి. నీళ్లు తెస్తానని జీపు దగ్గరికి వెళ్లింది.

అబద్ధం నాకే నచ్చలేదు. రేపు ముళ్లపొదల్లో నాకు ముందు నడిచేది ఆమె. జాడ తీసేవాళ్ల చేతిలో కర్ర తప్ప ఏమీ ఉండదు. ప్రాణాన్ని వెనక నడిచేవాడి తుపాకీలో పెట్టి, కళ్లు నేల మీద పెట్టి పోతారు. నా గుండు ఎటో పోతే ముందు పోయేది జైరోస్ కూతురు. రోగం తిరగబెట్టిందా లేదా తెలియాలి నాకు. జైరోస్ తూటా వాడితోపాటే పోయిందనుకుని, కాల్చేసిన ఖాళీ గొట్టం ఒకటి తూటాల్లో కలిపి, కళ్లు మూసుకుని నింపబోయాను. బరువు వేలికి తెలిసిపోయింది. దొంగా నేనే, పోలీసూ నేనే అయితే ఎవడు ఎవణ్ణి పట్టుకుంటాడు? ఆ గొట్టాన్ని పొదల్లోకి విసిరికొట్టాను.

నెత్సాయి నీళ్లు తెచ్చింది. నేను తాగుతుంటే, "ఇటివ్వండి, తుడిచి నింపుతాను," అని తుపాకీ తీసుకుంది. నాకు వీపు తిప్పి చాలాసేపు తుడిచింది.

మళ్లీ ఎత్తాను. మొదటిది పేలింది, కాగితం పక్కన మట్టి లేచింది. రెండోది తుపాకీలోకి తోసి, ఊపిరి బిగపట్టి నొక్కాను.

టక్.

కళ్లు తెరిచేసరికి తుపాకీ మూతి నేలని చూస్తోంది. కళ్లు తెరిచానంటే, అంతదాకా మూసుకునే ఉన్నానన్నమాట.

"అయ్యో, పెళ్లికూతురు ఉలిక్కిపడిందిరోయ్!"

జైరోస్ గొంతు. అదే సాగతీత, అదే వెటకారం. గిరుక్కున తిరిగాను. నెత్సాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది, అన్న మాటకి తనే భయపడిపోయి.

"ఎవరనుకుంటున్నావే నన్ను? నీ వయసెంత, నా వయసెంత? నాతో పరాచికాలా?" అని అరిచాను.

"కోప్పడకూడదు," అంది. నోటి మీది చెయ్యి దించేసింది. "కోప్పడితే తప్పు నీదే."

మీరు పోయి నువ్వు వచ్చింది. ఆమె వచ్చి తుపాకీ తెరిచి ఆ తూటా తీసి నా అరచేతిలో పెట్టింది. అదే. జైరోస్ బొటనవేలు అరగదీసిన నున్నటి ఇత్తడి.

"ఇది నీ దగ్గరికెలా వచ్చింది?"

"నాన్న ఇచ్చాడు, మంచాన పడ్డప్పుడు."

"వాడు ఇది పెట్టడం మానేశాడుగా. నాకు అక్కర్లేదని."

"పిచ్చి ముసలోడా! పెడితే రోగం తిరగబెట్టిందని నీకు తెలిసిపోతుందని మానేశాడు. నీ కళ్లు మూసుకుపోవడం పక్కనుంచి చూస్తూనే ఉన్నాడు. తెలిస్తే ఈ పని వదిలేస్తావని ఆయన భయం. 'వాడు మానేస్తే నేనెవడితో నడవనే?' అన్నాడు."

పుట్ట మొదట్లో చతికిలబడిపోయాను. ఒంటరితనం నాకొక్కడికే వచ్చిందనుకున్నాను ఇన్నాళ్లూ. వాడు దాని పేరు వినే జడుసుకుని, నన్ను పరీక్షించడం మానేసి, గురి తప్పే తుపాకీకి ముందు కర్ర పట్టుకుని నడిచాడు. ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

నెత్సాయి పక్కన కూర్చుంది. "'నేను చస్తే చచ్చాను. నువ్వు వాడి ముందు నడవాల్సొచ్చిన రోజు మాత్రం ఇది పెట్టు' అన్నాడు. నాకేమో నోరు రాలేదు. ఇంత పెద్దాయన్ని ఎలా అనను? రేపు నడిచేది నేనే కదా అని ఇవాళ వచ్చింది."

"మంచి పని చేశావు."

"అయితే లేచి చిన్నది తీసుకో."

"చిన్నది ఆపదే."

"గాలికి పోయిన పెద్దది ఆపుతుందా?"

కొత్తగా వచ్చినవాళ్లకి నేను ఎన్నిసార్లు చెప్పుంటాను, తగిలిందే గుండు, తగలనిది ఉత్త చప్పుడు అని. చెప్పేవాడికి వినపడదు కాబోలు. 458ని సంచిలో పెట్టి మూతి కట్టేశాను.

ఆ మందు లేని తూటా 375లో పట్టదు. అందుకని నెత్సాయి నాకు వీపు తిప్పి, ఒకసారి నింపి, ఒకసారి నింపకుండా తుపాకీ చేతికిచ్చేది. మొదట మూతి కొంచెం దిగింది. "సిగ్గులేదూ," అంది. తర్వాత ఇంకొంచెం తక్కువ దిగింది. నీడలు సాగే వేళకి టక్కుమన్నా కదలకుండా నిలిచింది, పేలిన గుండ్లన్నీ కాగితం నడుమ ఒకదాన్నొకటి ఆనుకుని పడ్డాయి. నా భుజం కంటే నా మనసు తేలికపడింది.

మర్నాడు పొద్దున్నే రేవు దగ్గర జాడ దొరికింది. మూడు కాళ్ల గిట్టలు, నాలుగో కాలి పక్కన తీగ ఈడ్చిన గీత. నెత్సాయి ముందు, నేను వెనక. ముళ్లపొదల్లో దారి ఒక మనిషికే చాలుతుంది. ఒకచోట ఆమె ఆగి కర్ర చూపించింది. పొద మీద పిట్టలు గోలగా లేచాయి. ఆమె ఎడమకి ఒరిగింది, అచ్చం తండ్రిలా.

దున్న తల ఎత్తుకునే వచ్చింది. నేను 375 ఎత్తి, ముక్కు పైన చూసి నొక్కాను. కళ్లు తెరిచే ఉన్నాయి. గుండు తగిలినచోట బురద పెళ్ల లేవడం చూశాను, మోకాళ్లు విరగడం చూశాను. అలా చూసి ఎన్నేళ్లయిందో! నెత్సాయి కర్రకి అందేంత దూరంలో కూలింది. ఇంకొకటి కొట్టాను. ఇక కదల్లేదు.

"చూశావట్రా!" అన్నాను ఎడమవైపు తిరిగి.

అక్కడ జైరోస్ లేడు. గడ్డిలో టోపీ పోగొట్టుకుని, ముళ్లు గీరుకుని నెత్సాయి నిలబడి ఉంది.

"చూశాను," అంది. "మూసుకోలేదు."

దున్న కాలికి తీగ ఎముక దాకా దిగి పురుగు పట్టింది. దాని కోపం దానికుంది పాపం. దాని పక్కన కూర్చుని ఇద్దరం నీళ్లు తాగాం.

"నేను చస్తే ఏం చేసి చూపిస్తావే?" అని అడిగాను.

"నీ టోపీ పెట్టుకుని, కర్ర తుపాకీలా ఎత్తి, నోటితో టక్కు అని, కళ్లు గట్టిగా మూసుకుని ముక్కు నేలకేసి కొడతా."

"ఇప్పుడు మూసుకోవడం లేదుగా!"

"అయితే లేచొచ్చి చెప్పు, సహ్విరా."

నవ్వాను. కడుపు పట్టుకుని నవ్వాను, దగ్గొచ్చేదాకా. ఈలోపు ఆమె గడ్డిలో వెతికి, పేలిన 375 గొట్టం ఒకటి ఏరుకుని జేబులో వేసుకుంది.

"అదెందుకు?"

"నీకెందుకు?"

దాంట్లో మందు పోయకుండా కొత్త గుండు బిగిస్తుందని తెలుసు. ఎప్పుడు పెడుతుందో తెలియదు, తెలియకూడదు కూడా.

ఆ సాయంత్రం ఎప్పటిలాగే నా ఒక్కడికే సద్జా కెలుక్కున్నాను. 'నేనెవడితో నడవనే' అన్న జైరోస్ మాట తలుచుకుంటూ కూర్చుండిపోతే అడుగంటింది. నెత్సాయికి తెలిస్తే నానా మాటలూ అంటుంది. పొద్దున్నే వెళ్లి చెప్పాలనుకుంటూ ఆ మాడు తిన్నాను.