పాటలో లేని పేరు

ఆ ఆదివారం పొద్దున ఆకాశం బూడిద అలికినట్టు ఉంది. ఆషాఢం వచ్చి పది రోజులైనా చినుకు లేదు. మబ్బు అమీర్‌పేట మెట్రో పట్టాల మీదికి దిగి అక్కడే ఆగిపోయింది.

నేను మధురానగర్‌లో ఒక మగపిల్లల హాస్టల్‌కు వాచ్‌మన్‌ని. గేటు, నీళ్ల మోటరు, కూరగాయల సంచులు నావి. వంట కమలవ్వది. ఆమె నాకు వరసకు వదిన. మాది సిరిసిల్ల. నిరుడు ఆమె పెద్దకొడుకు కమలాకర్ మరమగ్గాల షెడ్డులో కరెంటు కొట్టి పోయాడు. ఆ తర్వాత ఆమెను నేనే తెచ్చి ఈ పనిలో పెట్టించాను.

మా దిక్కు చావింట్లో ఆడవాళ్లు శోకం తీస్తారు. పోయినవాణ్ని పేరు పెట్టి పిలుస్తూ, వాడు తిన్నదీ తిరిగిందీ చెప్పుకుంటూ, లయ తప్పకుండా ఏడుస్తారు. బాగా ఏడ్చినామెను ఊరు చాలాకాలం గుర్తుపెట్టుకుంటుంది. రాలేని వాళ్లకు ఈమధ్య ఆ శోకం ఫోనులో రికార్డు పట్టి పంపుతున్నారు. కమలాకర్ తమ్ముడు నాని మస్కట్‌లో ఉన్నాడు, సెలవు దొరకలేదు. వాడి కోసమే శవం పక్కన కూర్చుని, ఏడుస్తున్న వదిన ముందు ఫోను పట్టాను. వాడొక్కడికి పంపి ఊరుకుంటే అయిపోయేది. బంధువుల గ్రూపులో కూడా పెట్టాను. అట్లా ఏడ్చిన మనిషిని నేనెప్పుడూ చూడలేదు, అందరూ వినాలనిపించింది. ఇట్లా ఏడ్చేవాళ్లు ఇప్పుడెవరున్నారని చాలామంది రాశారు. చదువుకుని సంతోషపడ్డాను.

నెల కింద మైత్రీవనం దగ్గర ఒక మొబైల్ షాపు ముందు వదిన గొంతు మళ్లీ విన్నాను. దాని వెనక డప్పు మోగుతోంది. నడుమ ఒకడు ఊపిరి తీయకుండా మాటలు విసురుతున్నాడు. పాడింది ఖబర్ అనే ర్యాపరని షాపువాడు చెప్పాడు. గ్రూపులోంచి ఎవరి చేతికి పోయి ఎవరి చేతికి చేరిందో తెలియదు. అప్పటినుంచి వదినను ఆ దారిన పోనివ్వలేదు. కూరగాయలకు నేనే పోయాను. బల్కంపేట ఎల్లమ్మ గుడికి పోదామంటే మోకాలు నొప్పన్నాను. అక్కడ పిల్లలు అదే పాట పెట్టి ఎగురుతున్నారు.

ఆదివారం మధ్యాహ్నం హాస్టల్లో కోడికూర. అందరూ తిని వెళ్లాక ఇద్దరు మిగిలారు, జగిత్యాల అనుదీప్, కాకినాడ కేదార్. ఒకే గదిలో ఉంటారు, కోచింగుకు కలిసే పోతారు, ర్యాపర్ల మాట వస్తే మాత్రం కొట్టుకుంటారు. ఆ సాయంత్రం పంజాగుట్టలో ఖబర్ పాడుతున్నాడట.

“ఖబర్ రాకముందు తెలుగు ర్యాప్ ఏడుందిరా? అమెరికోని లెక్క మూతి తిప్పుడే. ఇంట్ల మాట్లాడే మాట పాటలకు తెచ్చిందే ఆయన,” అన్నాడు అనుదీప్.

“తెచ్చి ఏం చేశాడు? అరిచాడు. మా ఎం.సి. లంక ఒక్క లైన్లో నాలుగు ప్రాసలు వేస్తాడు,” అన్నాడు కేదార్.

“నీ లంక పాట వినాలంటే పక్కన పంతులును కూసోవెట్టుకోవాలె. ఖబర్ పాటకు మా అమ్మ సుత తలకాయ ఊపుతది.”

“మీ అమ్మగారు ఊపేది మీవాడికి కాదు బాబూ. అందులో ఏడ్చే ముసలావిడకి. ఆవిణ్ని తీసేయ్, ఏం మిగిలింది? చప్పుడు.”

“గది సాంప్లింగ్ రా. ఒకరి గొంతు ముక్క తెచ్చి పాటల కలుపుడు. హిప్ హాప్ పుట్టిందే గట్ల.”

“మరి ఆవిడ పేరు వేశాడా?”

“ఎవరో ఆర్టిస్ట్ అయితది. మస్తు యాక్టింగ్ చేసింది, జర గదన్న ఒప్పుకో.”

“అదొప్పుకుంటా.”

“తినేటప్పుడు ఫోనెందుకు, లోపల వెట్టుండ్రి,” అన్నాను నేను.

“జర ఆగు కాకా, పంచాయితీ తెగేటట్టుంది,” అని అనుదీప్ పాట పెట్టాడు.

అప్పుడే వదిన కూర గిన్నెతో బయటికి వచ్చింది. *లే కొడుకా లే, తెల్లారె లే, సద్ది గట్టిన...* గరిటె కేదార్ కంచం మీద ఆగింది. వేడి పులుసు వాడి ఎడమ మణికట్టు మీద కారింది. వాడు ఆమె ముఖం చూసి చెయ్యి తీసుకోలేదు.

“ఇంకోపాలి వెట్టు బిడ్డ,” అంది.

పెట్టాడు. నిలబడే విన్నది.

“యాక్టింగ్ గాదు. గది నేనే.”

అనుదీప్ నవ్వాడు. “అవ్వా, నువ్వు సుత ర్యాపరేనా?”

ఆమె నవ్వలేదు. ఉప్పు సరిపోయిందా అని అడిగే గొంతుతోనే చెప్పింది, “సద్ది గట్టిన, కమలాకరా, లే. గట్ల అన్న. నడుమ నా కొడుకు పేరుండె. కోసిండ్రు.”

కేదార్ చెయ్యి చాపి పాట ఆపేశాడు. అనుదీప్ నవ్వు ముఖం మీద అట్లాగే ఉండిపోయింది, దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియనట్టు.

“గా దినం నా ముంగట ఫోన్ వట్టుకొని ఎవరు కూసున్నరో నాకు యాదికి లేదు,” అంది వదిన. నా వైపు చూడలేదు. నేను ఊరుకుంటే అది అక్కడితో పోయేది. ఆ రోజు ఇంటినిండా జనం.

“నేనే వదినె. నాని కోసం పట్టిన. తర్వాత గ్రూపుల సుత వెట్టిన.”

“గ్రూపులెందుకు?”

“మంచిగ ఏడ్చినవని.”

ఆమె గిన్నె కింద పెట్టింది. “నెల సంది నన్ను బజారుకు పోనిస్తలేవు. గిందుకేనా?”

“గిందుకే.”

అనుదీప్ జేబులోంచి సాయంత్రం ఖబర్ పాటకు రెండు పాసులు తీసి బల్ల మీద పెట్టాడు. “అవ్వా, పొద్దుమీకి నువ్వు సుత నడువు. స్టేజి కాడనే అడుగుదాం. పేరు మళ్ల పెట్టమందాం.”

“పెడతాడు,” అన్నాడు కేదార్ మెల్లగా. “అప్పుడా పేరుకి కూడా ఎగురుతారు కమలమ్మగారూ.”

ఆమె వాణ్ని చూసింది. అంతసేపట్లో ఎవరినైనా నేరుగా చూడటం అదే మొదలు.

“వద్దు. కోసిందే మంచిగైంది. గంతమంది కాళ్ల నడుమ వాడెందుకు?”

లోపలికి పోయి రెండు కంచాలు తెచ్చింది. రోజూ నాకు ఆమే వడ్డిస్తుంది. ఆ రోజు కంచం నా ముందుకు జరిపి, అన్నం గిన్నె నడుమ పెట్టి తను కూర్చుంది. నేనే పెట్టుకున్నాను. పిల్లలు లేవలేదు. కేదార్ కాలిన చేతిని ఒళ్లో పెట్టుకుని తింటున్నాడు. పాసుల మీద పులుసు మరక పడింది, ఎవరూ తుడవలేదు.

నలుగురం తింటుండగా బయట రోడ్డు మీద ఒక ఆటో ఆ పాటే మోగిస్తూ వచ్చి గేటు ముందు ఆగింది. ఎవరమూ తల ఎత్తలేదు. పేరు తెగిన చోట వదిన నమలడం ఆపింది. పాట ముందుకు పోయింది. ఆమె ఇంకో ముద్ద కలుపుకుంది.